అయిదో గ్లాసు

ఊళ్లో ఎవరి ముఖాన చూసినా ఎదుటిది చూసి చెప్పే కళ్లజోళ్లే. అందరికీ అదొక సరదా, మైథిలికి మాత్రం అదే చూపు. ఆరేళ్లకి షుగరు వచ్చింది, పద్నాలుగేళ్లకి కళ్లు పోయాయి. రెండూ ఒకే జబ్బు, అమ్మానాన్నలిద్దరి రక్తంలోంచీ దిగింది.

ఆ ఆదివారం ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే కళ్లజోడు చెవిలో చెప్పింది: "మీ చెల్లి ఇందు నీళ్లు తాగుతోంది. ఈ గంటలో అయిదో గ్లాసు."

మైథిలి చెయ్యి ఆగిపోయింది. తనకీ దాహంతోనే మొదలైంది.

"అమ్మా, షుగరు చూసే పట్టీ ఒకటి పట్రా."

"నీది పొద్దున్నే మార్చాను కదే?"

"నాక్కాదమ్మా."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. కళ్లజోడు మాత్రం ఎప్పటి గొంతుతోనే చెప్పుకుపోయింది: "అమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఇందుని చూస్తోంది. గోడకి ఆనుకుని కూలబడింది. ఇందు ఇంకో గ్లాసు ముంచుకుంటోంది."