నాలుక తగలకుండా

"ఒక్క చుక్క మీ నాలుక మీద పడిందో, ఇక ఈ జన్మలో వంటింటి గడప తొక్కనివ్వను," అంది డ్రైవరుగారి భార్య, పంచదార గిన్నె వదలకుండా.

"పడితే కదా!" అన్నారు డ్రైవరుగారు, గిన్నె రెండో అంచు పట్టుకుని లాగుతూ. బస్సు తోలడం మానేసి చాలాకాలమైనా అందరికీ ఆయన డ్రైవరుగారే.

కూతురు పెట్టెడు పీచ్ పళ్ళు తెచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో ఇదే రగడ. పళ్ళు మిగలముగ్గి ఉన్నాయి. ఇవాళ సిరప్ కాచకపోతే రేపు పారబోయడమే. సిరప్ కాయడంలో డ్రైవరుగారిది అందె వేసిన చెయ్యి. ఒంట్లో షుగరు కూడా అదే స్థాయిలో ఉంది. ఇంకోసారి తీపి ముట్టుకుంటే తన దగ్గరికి రావద్దని డాక్టరు మొహం మీదే చెప్పాడు. ఆ రోజు నుంచీ పంచదార బీరువాలోకి, బీరువా తాళంచెవి దారం కట్టుకుని ఆవిడ మెడలోకి చేరాయి. ఆ దారం కంటపడినప్పుడల్లా ఆయనకి తల కొట్టేసినట్టుండేది. సొంత ఇంట్లో దొంగైపోయానని కుమిలిపోయేవారు.

"సరే, పందెం," అన్నారు. "రుచి చూడకుండా సిరప్ కాచి చూపిస్తా. గెలిస్తే ఆ తాళంచెవి నా చేతిలో పెట్టాలి."

"ఓడిపోతే?"

"నాకే తాళం వేసుకో."

కూతురు మధ్యలో దూరింది. "రుచి చూడకపోతే తీపి సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది నాన్నా?"

"వెనక లారీ ఎంత దూరంలో ఉందో అద్దంలో చూసి చెప్పేసేవాణ్ణే. రంగు చూసి తీపి చెప్పలేనా?"

"పోనీ, నేను పక్కనే ఉండి రుచి చూసి..."

"అటు వెళ్ళావంటే కాళ్ళు విరగ్గొడతా," అంది తల్లి. "నువ్వు పుట్టినప్పట్నుంచీ మీ నాన్న పార్టీయే. ముందుగా రుచి చూసేది నేను."

అని గిన్నె వదిలేసింది. హాల్లో కుర్చీ వేసుకుని, వంటింటికి వీపు పెట్టి, పచ్చి బఠాణీలు ఒలుచుకుంటూ కూర్చుంది.

"అదేంటమ్మా, అటు తిరిగి కూర్చున్నావ్? కాపలా కాయవా?"

"కాపలా కాస్తే ఇక నమ్మకం ఏముందే?"

కూతురికి ముచ్చటేసింది. అమ్మ ఇంత మెత్తబడిందని ఆ పిల్ల కలలో కూడా అనుకోలేదు.

చేసే పనల్లా పైకి చెప్పుకుంటూ చేయడం డ్రైవరుగారి అలవాటు. "సగం పెట్టె చాలు. మిగతావి ఊరికే కోసుకు తినచ్చు, మీరు," అని లోపల్నుంచి వినిపించింది. "గింజలు తీసేశా... ముక్కలు ఉడికిపోయాయి... ఇదిగో, గుడ్డలో వడకడుతున్నా. పిండకూడదు, పిండితే రసం తేటగా రాదు... పంచదార పోశా... ఆహా, ఏం రంగు, ఏం రంగు! మరుగుతోంది..."

పీచ్ వాసన ఇల్లంతా కమ్ముకుంది. ఆ తర్వాత మాట వినిపించలేదు. పొలమారినట్టు ఓ దగ్గు వినిపించింది. ఆ పైన కుళాయి చాలాసేపు ధారగా పారింది.

కాసేపటికి డ్రైవరుగారు చేతిసంచితో బయటికి వచ్చారు.

"ఎక్కడికి?" అంది భార్య, బఠాణీల మీంచి తలెత్తకుండా.

"నిమ్మకాయలు మర్చిపోయా."

"ఫ్రిజ్‌లో ఉన్నాయిగా నాన్నా!"

"అవి వాడిపోయాయి," అంటూ ఆయన చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా మెట్లు దిగిపోయారు. వచ్చేటప్పుడు సంచిని చంటిపిల్లలా గుండెలకి హత్తుకుని వచ్చారు. కూతురు అందుకోబోతే పక్కకి తప్పుకుని వంటింట్లోకి జారుకున్నారు.

"స్వీట్ల కొట్టుకి గానీ వెళ్ళొచ్చాడంటావా?" అని గుసగుసలాడింది కూతురు.

"ఛ, ఊరుకో. మీ నాన్న మాటంటే మాటే," అంది తల్లి.

మళ్ళీ పీచ్ వాసన వచ్చింది. ఈసారి లోపల్నుంచి ఒక్క మాట లేదు. గరిటె చప్పుడు మాత్రం భయభక్తులతో వినిపించింది.

చివరికి డ్రైవరుగారు రెండు సీసాలు తెచ్చి బల్ల మీద పెట్టారు. లోపల సిరప్ తేటగా, లేత ఎరుపులో మెరుస్తోంది. కూతురు వంటింట్లోకి తొంగి చూసి వచ్చింది.

"పెట్టె మొత్తం ఖాళీ! ఇన్ని పళ్ళకి రెండు సీసాలేనా?"

"ఈ పళ్ళలో రసం లేదమ్మా. ఉత్త గుజ్జు."

"నాలుక తగల్లేదుగా?" అంది భార్య.

"స్టీరింగు మీద ఒట్టు."

కూతురు గ్లాసులో కాస్త సిరప్ పోసి, చల్లటి నీళ్ళు కలిపి తల్లికిచ్చింది. ఆవిడ ఓ గుక్క తాగి కళ్ళు మూసుకుంది. ఇంకో గుక్క తాగింది. కళ్ళు తెరిచేసరికి నీళ్ళు తిరుగుతున్నాయి.

"ఎలా ఉందమ్మా?"

"వంక పెట్టడానికి లేదు. పాకం సరిగ్గా కుదిరింది. అమృతంలా ఉంది."

డ్రైవరుగారు కుర్చీలో నిటారుగా కూర్చుని, రాజులా అరచెయ్యి చాపారు. "మరి తాళంచెవి?"

ఆవిడ గ్లాసు కింద పెట్టి, మెడలో దారాన్ని జాకెట్టు లోపలికి తోసుకుంది.

"నేనిచ్చిన పంచదారలో రెండు గుప్పెళ్ళ ఉప్పు కలిపానండీ."