సేనాపతి చేతి గడియారం

డైరెక్టర్‌ని చంపడానికి రచయిత గుడ్డలో చుట్టి తెచ్చిన బాకు తప్ప, ఆ సినిమా సెట్టులో రాజుల కాలపు వస్తువు మరొకటి లేదు.

సగం జీవితం ధారపోసి రాసిన చారిత్రక నవల ఆయనది. రాజు ఎలాంటి చెప్పులు తొడిగేవాడో తెలుసుకోవడానికే ఊళ్లు పట్టుకు తిరిగాడు. సినిమా తీస్తామంటే పొంగిపోయి హక్కులు రాసిచ్చేశాడు. తీరా వచ్చి చూస్తే రాజసభ స్తంభానికి స్విచ్‌బోర్డు. మహారాణి రవికకు జిప్పు. ఏడుస్తూ గదిలోకి వెళ్లిన రాణి, గుమ్మం దాటేసరికి వేరే చీరలో తేలింది.

"ఇదేం ఘోరమయ్యా?" అని నిలదీశాడు.

రాజు వేషం కూడా తానే కట్టిన డైరెక్టర్ అతికించుకున్న మీసం దువ్వుకున్నాడు. "జనం నా మొహం చూస్తారు గురువుగారూ, స్తంభాన్ని కాదు."

గాడిదకేం తెలుసు గంధపు పొడి వాసన! వీడు పోతే సినిమా ఆగిపోతుంది, నవల పరువు దక్కుతుంది అనుకున్నాడు రచయిత.

చివరి సన్నివేశంలో సేనాపతి రాజును పొడుస్తాడు. అందుకు పెట్టుకున్న ఉత్తుత్తి బాకు మొన తగలగానే పిడిలోకి దూరిపోతుంది. ఎక్కడో పాత సామాన్ల కొట్లో రచయిత కొన్నది చూడ్డానికి అచ్చం అలాంటిదే. కాకపోతే దాని మొన దూరేది పిడిలోకి కాదు.

మధ్యాహ్నం భోజనాల సందడిలో రెండూ మార్చేశాడు. గుర్తుపడతారన్న భయం ఏ కోశానా లేదు. రాణి చీర మారితేనే చూడలేని గుడ్డి సంత, బాకు మారితే చూస్తుందా? నేరం ఎలాగూ వీళ్ల నిర్లక్ష్యం నెత్తినే పడుతుంది.

కెమెరా కదిలింది. రచయిత ఓ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఈ ఒక్క పూట ఏ తప్పు కనిపించినా నోరు మెదపనని ఒట్టు పెట్టుకున్నాడు.

సేనాపతి గర్జిస్తూ బాకు పైకెత్తాడు. పట్టు అంగీ చెయ్యి మోచేతి దాకా జారింది. మణికట్టు మీద తళతళా మెరుస్తూ గడియారం!

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు. రచయితకు ఒట్టూ గుర్తులేదు, బాకూ గుర్తులేదు. ఒళ్లు భగ్గున మండింది.

"ఆగరా మూర్ఖుడా!" అని అరుస్తూ వెళ్లి ఆ మణికట్టు మీదికి దూకాడు. బాకు ఆయన భుజంలో దిగింది.

ఆస్పత్రిలో కళ్లు తెరిచేసరికి డైరెక్టర్ కాళ్ల దగ్గర కూర్చుని బావురుమంటున్నాడు.

"అది నిజం బాకని అంతమందిలో మీరొక్కరే కనిపెట్టారు గురువుగారూ! ప్రాణానికి తెగించి నన్ను కాపాడారు!"

గుమ్మంలో ఉన్న ఇన్‌స్పెక్టర్ భక్తిగా చేతులు జోడించాడు.

రచయిత గుండె కుదుటపడింది. చంపలేకపోయాడు, సరే. పట్టుబడనూ లేదు. ఆ దిక్కుమాలిన షాటైనా చెత్తబుట్ట పాలై ఉంటుంది.

"మరి... ఆ సన్నివేశం మళ్లీ తీస్తున్నారా?" అని నీరసంగా అడిగాడు.

"అంత సహజమైన నటన మళ్లీ దొరుకుతుందా?" డైరెక్టర్ కళ్లు తుడుచుకున్నాడు. "కథే మార్చేశాను. రాజు ఇక చావడు. కళ్లజోడు, ప్యాంటు, జేబులో పెన్నుతో సహా మీరొచ్చి అడ్డంపడి కాపాడేదే మన క్లైమాక్స్!"