నాలుగో ఒర

“ఇది పనికిరాదు,” అంది ఆవిడ, ఒరని బల్ల మీద పెట్టేస్తూ.

మూడోసారి!

దబ్బనం అక్కకి ఒళ్లు మండిపోయింది.

తోలు కుట్టే దబ్బనం కంటే నోరే పదునని వీధిలో వాళ్లు పెట్టిన పేరది. అయినా ఆమె చేతిపనికి ఇన్నేళ్లలో ఎవరూ వంక పెట్టలేదు.

“ఏం తక్కువైందండీ? కుట్టు ఊడిందా? తోలు చీలిందా?”

ఆవిడ కత్తిని ఒరలో పెట్టి, భుజం పట్టీకి తలకిందులుగా కట్టుకుని, ఒళ్లంతా ఒక్క విదిలింపు విదిలించింది.

కత్తి జారి ఠంగుమని నేల మీద పడింది.

“కత్తిని తలకిందులుగా ఎవరు కట్టుకుంటారండీ?”

“నేను.”

యాభై దాటిన మనిషి. బక్కపలచన. పేరు చెప్పదు, ఊరు చెప్పదు. కళ్లు మూసుకుని ఒంటిచేత్తో లాగితే రావాలి, లాగకపోతే కదలకూడదు. చెప్పిందల్లా అంతే.

“పోనీ, గుండీ పెట్టనా?”

“గుండీ విప్పే తీరిక ఉండదు. నీళ్లలో నానినా బిగుసుకోకూడదు. అడుగున చిన్న బెజ్జం కూడా కావాలి.”

“ఒరకి అడుగున చిల్లేంటండీ! సర్కస్‌లో చేస్తారా మీరు?”

పక్క కొట్టు టైలరు కిసుక్కున నవ్వాడు. ఆవిడ కోప్పడలేదు. “ఆదివారం వస్తాను,” అని కత్తిని బల్ల మీదే వదిలి వెళ్లిపోయింది.

“పేచీకోరు మనిషి! ఈసారి కత్తి చేతిలో పెట్టి పొమ్మంటానమ్మా.”

చూపు మందగించిన తల్లి లోపలి నుంచి అంది. “పొమ్మను. కానీ చేతకాక పొమ్మన్నావని నీకు తెలుస్తుందే.”

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

అక్క మందపాటి తోలు నానబెట్టింది. కత్తికి నూనె రాసి, పల్చటి గుడ్డ చుట్టి, తడితోలుని దాని మీద మడిచి, పిడి దగ్గర వేళ్లు నొప్పెట్టేదాకా నొక్కి అచ్చు తీసింది. ఆరాక రెండు వరసల కుట్టు వేసింది. కరిగించిన మైనం తోలు తాగినంతా తాగించింది. బొటనవేలు ఆన్చడానికి ఒర నోటి దగ్గర చిన్న మెట్టు మలిచింది. పళ్లు కొరుకుతూనే అడుగున బెజ్జం పొడిచింది.

తర్వాత ఒరని, కత్తిని కలిపి బకెట్ నీళ్లలో ముంచింది. తలకిందులు చేసి విదిలించింది. స్తంభానికేసి బాదింది.

కదల్లేదు!

కళ్లు మూసుకుని, బొటనవేలితో నొక్కి లాగింది.

టక్. కత్తి చేతిలో ఉంది.

“అమ్మా! వచ్చిందే!” చిన్నపిల్లలా అరిచింది అక్క.

ఆదివారం ఆవిడ నాలుగుసార్లు లాగి చూసింది. “ఇదీ ఒరంటే,” అంది. కట్టుకుని వెళ్లిపోయింది.

నెల తిరక్కముందే ఒక పడవ సరంగు కొట్టుకి వచ్చాడు.

“తలకిందులుగా కట్టుకునే ఒర కుట్టింది మీరేనా అండీ? నాకూ ఒకటి కావాలి.”

“మీదీ సర్కసేనా?”

“మొన్న గాలివానకి నా పడవ బోల్తా పడిందండీ. పదకొండు మంది దాని కిందే ఇరుక్కుపోయారు. కాళ్లకి పడవ మీద కట్టిన పరదా తాళ్లు చుట్టుకున్నాయి. పడవలో మిగిలిన కాస్త గాలే వాళ్లకి ఊపిరి. ఆ ఒర కట్టుకున్న ఆవిడ ఒడ్డు నుంచి దూకింది. బురదనీళ్లు, కన్ను పొడుచుకున్నా కానరాదు. ఒక్కో తాడూ కోసి ఒక్కొక్కర్నే బయటికి తోసింది. ఆఖర్న చంటిపిల్లని తెచ్చింది. ఆ పిల్ల కేర్‌మనగానే ఒడ్డంతా ఒకటే ఈలలు, కేకలు!”

“అందరూ బతికారా?”

“అందరూ!”

“అమ్మా, విన్నావా! మన ఒరే!” అక్క పరుగున వెళ్లి తల్లిని వాటేసుకుంది.

అంతలోనే ఆమె మొహం చిన్నబోయింది. “ఆవిడ ఎక్కడుంటారు? ఇన్నిసార్లు వస్తే ఒక్కసారైనా కూర్చోమనలేదు నేను.”

“వెళ్లిపోయిందండీ. మనసు నిండింది, ఇక చాలంది. పని మానేసి ఎక్కడో దూరాన చెల్లెలి దగ్గరికి చేరింది.”

“ఏం పని?”



“మునిగిపోయిన వాళ్ల శవాలు వెతికి తీసే గజ ఈతగత్తె అండీ ఆవిడ, ఇరవై ఏళ్లలో బతికున్న మనిషిని ఒడ్డుకి తేవడం అదే మొదటిసారి.”