మెటాడోర్‌లో నేపాలు

“క్లచ్చి మీద కాలు ఒక్కసారే తియ్యకే. మెల్లిగా... మెల్లిగా...”

దశరథరామయ్య మాట పూర్తికాకముందే మెటాడోర్ వ్యాను ఒక్క కుదుపు కుదిపి మామిడిచెట్ల మధ్య ఆగిపోయింది. బుజ్జమ్మ స్టీరింగు మీంచి చేతులు తీసేసింది.

“నావల్ల కాదండీ. ఈ వయసులో నాకు డ్రైవింగేంటి?”

“మరి నేపాలు దాకా నేనొక్కణ్ణే తోలనా? దారిలో నాకు నిద్రొస్తే?”

బుజ్జమ్మ మొహం తిప్పుకుంది. ఆ ప్రయాణం ఎప్పటికీ జరగదని ఆమెకు తెలుసు.

మామిడి కోతలు ముగిసిన వారంలోనే, ఆయన కడుపునొప్పికి విజయవాడలో పరీక్షలు చేయించారు. డాక్టర్ సువర్ణరాజు ఆమెను ఒక్కదాన్నే గదిలోకి పిలిచాడు. “కాన్సరమ్మా. లివరుకి పాకింది. ఆపరేషన్ చేసినా లాభం లేదు. దసరా దాటడం కష్టం” అన్నాడు. ఆమె బయటికి కదలబోతుంటే డాక్టరే ఆపి అన్నాడు, “ఆయనకు మాత్రం చెప్పకండి. ఉన్నన్నాళ్లూ సంతోషంగా ఉండనివ్వండి.”

కళ్లు తుడుచుకుని బయటికొచ్చి, “అల్సరంటండీ, మందులతో తగ్గిపోతుందంట” అంది. “ఓస్, అంతేనా!” అని నవ్వాడాయన. రెడ్డిగూడెం తిరిగొస్తుంటే దారిలో ఉన్నట్టుండి, “ఈ కార్తీకంలో నేపాలు పోదామే” అన్నాడు.

పెళ్లయిన కొత్తలో మంచుకొండలు చూడాలని ఆమే అడిగింది. ఏటా పూతనో, పిందె రాలిందనో, కోతలనో ఏదో ఒకటి అడ్డొచ్చేది. పిల్లలు లేని ఇంట్లో ఆ తోటే వాళ్లకు పిల్లలైంది.

కాయలు మోసే వ్యానులో ఆయన చెక్కమంచం బిగించాడు. కిరసనాయిలు స్టవ్వుకి ఓ మూల, నీళ్ల డ్రమ్ముకి ఓ మూల చూశాడు. కిటికీకి పూల తెర కట్టించాడు. సాయంత్రం అయితే చాలు, వసారాలో మ్యాపు పరిచేవాడు.

“నాగపూరు, జబల్పూరు, కాశీ, గోరఖ్‌పూరు. సోనౌలీ గేటు దాటామా, ఇక వేరే దేశమే. పాస్‌పోర్టు కూడా అక్కర్లేదు. పోఖరాలో చెరువుగట్టునే బండి ఆపుకోవచ్చంట. పొద్దున్నే తలుపు తీస్తే ఎదురుగా మంచుకొండ! ఏంటి, వింటున్నావా?”

“వింటున్నానండీ.”

ఏడుపు ఆగకపోతే పొయ్యి మీద పాలున్నాయని లేచిపోయేది.

కాదంటే ఆయనకు అనుమానం వస్తుంది. అందుకని చెప్పిందల్లా చేసింది. డ్రైవింగు నేర్చుకుంది. లైసెన్సూ వచ్చింది. ఆయన ఆమెను నూజివీడు లారీ ఆఫీసుకు తీసుకెళ్లి, గోరఖ్‌పూరు దాకా వెళ్లొచ్చిన డ్రైవరు నరసింహులు ముందు నిలబెట్టి, “దారి సంగతులు నువ్వే అడుగు” అని దూరంగా వెళ్లి కూర్చున్నాడు. మెకానిక్కుతోనూ ఆమే మాట్లాడాలి. బ్యాటరీ నీళ్లు ఆమే చూడాలి.

ఆయన అన్న వీరరాఘవయ్య ఇంటికొచ్చి మరీ కోప్పడ్డాడు. “ఆడమనిషి చేత బండి తోలిస్తావేంట్రా? ఊరంతా నవ్వుతున్నారు.”

“నవ్వనీ అన్నయ్యా. వాళ్లెవరూ మాతో నేపాలు రారుగా.”

శ్రావణంలో ఓ రోజు, ప్రయాణం ఎలా ఉంటుందో చూద్దామని చింతలపూడి రోడ్డెక్కించాడు. సగం దారిలో టైరు పంక్చరైంది.

“నేను దిగను. నిద్రపోతున్నాననుకో” అని సీట్లో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు.

బుజ్జమ్మకు ఒళ్లు మండింది. మట్టిలో కూర్చుని, చేతులు గీరుకుపోతుంటే నట్లు విప్పి, స్టెప్నీ బిగించింది. ఎందుకింత హింస పెడుతున్నాడు? జరగని పనికి ఇంత చాకిరీ ఏంటి? అడుగుదామని విసురుగా తలుపు తీసింది. సన్నగా పీక్కుపోయిన మెడ, వదులైపోయిన చొక్కా కాలరు కనిపించాయి. తలుపు మెల్లిగా మూసేసింది.

చెట్టుకింద ఉప్మా చేసి పెట్టింది. రెండు ముద్దలు కూడా దిగలేదు ఆయనకు. “అక్కడ చలికి ఆకలి దంచేస్తుందిలే” అన్నాడు.

తిరుగుదారిలో ఆమె ఉండబట్టలేకపోయింది. “ఏమండీ, అసలు మనం...”

“ఎత్తు వస్తోంది. గేరు మార్చు.”

మార్చింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

వినాయకచవితి వెళ్లాక మంచం పట్టాడు. ఆఖరి రోజుల్లో కూడా, “సోనౌలీ దాటాక ఏ ఊరే?” అని అడిగేవాడు. “బుట్వాలండీ” అనేది. ఆయన తృప్తిగా తలాడించేవాడు. దసరా రాకముందే పోయాడు.

పెద్దకర్మ అయ్యాక వీరరాఘవయ్య వసారాలో కూర్చుని, “తోట నాకు కౌలుకిచ్చెయ్యమ్మాయ్. వ్యాను అమ్మేద్దాం. ఒక్కదానివి ఏం చేసుకుంటావు?” అన్నాడు.

“తోట నేనే చూసుకుంటాను బావగారూ. కాయ నేనే తోలుకెళ్తాను.”

తన నోట ఆ మాట ఎలా వచ్చిందో బుజ్జమ్మకే తెలియలేదు.

మరుసటి వేసవిలో రసాల లోడుతో విజయవాడ వెళ్లి, మార్కెట్లో దింపి, ఒక బుట్ట పక్కన పెట్టుకుని ఆస్పత్రికి వచ్చింది. సువర్ణరాజు ఆమెను గుర్తుపట్టాడు.

“ఎవరితో వచ్చారమ్మా?”

“ఎవరూ లేరండీ. బండి నేనే తోలుకొచ్చాను.”

ఆయన కిటికీలోంచి ఆవరణలో ఆగి ఉన్న వ్యాను వైపు చాలాసేపు చూశాడు.

బుజ్జమ్మ పళ్లబుట్ట బల్ల పక్కన దింపింది. “డాక్టరుగారూ, నాకొక్కటే మనసులోంచి పోదండీ. అన్నాళ్లూ ఆ మనిషిని మోసం చేశాను. జరగదని తెలిసీ ప్రయాణానికి ఊ కొట్టాను. ముందే తెలిస్తే నాతో ఏం చెప్పుకునేవాడో. మీరు చెప్పొద్దన్నారని నోరు మూసుకున్నాను.”

సువర్ణరాజు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు.

“చెప్పొద్దని మీకు చెప్పమన్నది ఆయనేనమ్మా.”