పైపూత

"గుడ్డు రాశావా?"

భట్టీలోంచి పొడుగాటి చెక్క తెడ్డుతో ట్రే బయటికి లాగుతున్న రాజయ్య వెనక్కి తిరిగి చూశాడు. బుల్లిబాబు మొహంలో నెత్తురుచుక్క లేదు.

"రాయకుంటె ఎట్ల సార్? పైన జర గుడ్డు రాస్తేనే గద మెరుపు. నేను రోజు గిట్లనే చేస్త."

ట్రేలో ముప్ఫై పఫ్‌లు పొరలు పొరలుగా పొంగి నిగనిగలాడుతున్నాయి. వాటిని చూసి మురిసిపోవలసిన మనిషి కాస్తా బల్ల మీద కూలబడ్డాడు. గుడ్డు తగలనివ్వొద్దు, పాలే రాయించండి అని పెళ్లాం జయలక్ష్మి మూడుసార్లు చెప్పి, గ్లాసుతో పాలు కూడా ఇచ్చి పంపింది. సైకిలుకు గాలి కొట్టించుకు వద్దామని పక్కకు వెళ్లడమే అతను చేసిన తప్పు. ఆ పాలు రాజయ్య చాయ్‌లో పోసుకున్నాడు.

ఆ పఫ్‌ల మీద ఒక క్వార్టరు ఆధారపడి ఉంది. కూకట్‌పల్లిలో వాళ్లు అద్దెకున్న పెంకుటింటిని వానలు పడేలోపు ఖాళీ చెయ్యమని ఇంటాయన చెప్పేశాడు. ఫ్యాక్టరీ క్వార్టర్లు ఎవరికివ్వాలో తేల్చేది యజ్ఞనారాయణగారు. బుల్లిబాబు అర్జీ ఆయన బల్ల మీద రెండేళ్లుగా నిద్రపోతోంది.

ఆయన నిష్ఠ ఫ్యాక్టరీ అంతా ఎరిగినదే. క్యాంటీనులో ఆమ్లెట్లు వేస్తారని దాని గడప తొక్కరు. ఇంటినుంచి తెచ్చుకున్న పెరుగన్నం కాస్త తిని, గొడుగు వేసుకుని, అరుగుదల కోసమని బాలానగర్ చౌరస్తా దాకా ఒంటరిగా నడిచి వస్తారు. స్టోర్స్ పట్టాభిరామయ్య ఒకసారి ఆయన ఎదుట టిఫిన్ డబ్బాలోంచి ఉడికిన గుడ్డు తీశాడు. ఆరేళ్లయింది, పట్టాభిరామయ్య ఇంకా అద్దె ఇంట్లోనే ఉన్నాడు.

అలాంటి మనిషిని బుల్లిబాబు బతిమాలి పాప మొదటి పుట్టినరోజుకు ఒప్పించాడు. "బయటి తిండి నేను ముట్టనోయ్. ఇంట్లో చేసినదైతేనే వస్తాను," అన్నారాయన.

దాంతో జయలక్ష్మి నడుం కట్టింది. గంటలో అయిపోయే పఫ్‌లంటూ వారపత్రికలో వచ్చిన పేజీ చింపి గోడకు అంటించింది. మే నెల ఎండకు డాల్డా కరగకుండా మొగుడి చేత రంపపు పొట్టులో చుట్టిన ఐసుగడ్డ తెప్పించింది. గడ్డకట్టిన డాల్డాను సన్నగా తరిగి మైదాలో వేసి, పూర్తిగా కలవనివ్వకుండా ముద్దచేసి, అప్పడాల కర్రతో వత్తి, మడిచి, మళ్లీ వత్తింది. ఉల్లిపాయ తగలని బంగాళాదుంప కూర లోపల పెట్టింది. కాల్చడానికి ఇంట్లో ఏమీ లేదు కనక, చుట్టుపక్కల వాళ్లు బిస్కెట్లు కాల్పించుకున్నట్టే, బాలానగర్ చౌరస్తాలో రాజయ్య బేకరీకి పంపింది. భట్టీ సంగతి మాత్రం ఆయన చెవిన పడకూడదని మొగుడూ పెళ్లాలు ముందే అనుకున్నారు.

"ఫికర్ చెయ్యకుండ్రి సార్," అన్నాడు రాజయ్య, పఫ్‌లు గంపలోకి సర్దుతూ. "తిన్నోళ్లకు తెల్వదు. మీ ఫ్యాక్టరీ సార్లు ఎంతమంది తింటలేరు నా దగ్గర?"

మళ్లీ చేయించే వ్యవధి లేదు. బుల్లిబాబు గంప ఇంటికి తెచ్చి, పెళ్లాంతో గుడ్డు మాట ఎత్తకుండా మింగేశాడు.

సాయంత్రం యజ్ఞనారాయణగారు వచ్చారు. గొడుగు గుమ్మానికి తగిలించి, పాపను దీవించి, పీట మీద మఠం వేసుకుని కూర్చున్నారు. జయలక్ష్మి పళ్లెం ముందు పెట్టింది.

"ఎక్కడ కాల్చావమ్మా?"

"ఇంట్లోనే బాబాయిగారూ. గిన్నెలో ఇసక పోసి, మూత పెట్టి," అంది జయలక్ష్మి, ముందే వల్లెవేసుకున్నట్టు.

ఆయన ఒక పఫ్ తీసి, కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశారు. కొరికి, కళ్లు మూసుకుని నమిలారు. బుల్లిబాబు తనకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాడు. ఆయన రెండోది తీసుకున్నారు. తర్వాత మూడోది.

"ఈ మెరుపు ఎలా వచ్చిందమ్మా?"

"పాలు రాశామండి."

ఆయన చూపు మెల్లగా బుల్లిబాబు మీదికి మళ్లింది. "పాలేనా?"

"పాలేనండి," అన్నాడు బుల్లిబాబు. "గేదెపాలు."

ఆయన ఐదో పఫ్ పూర్తిచేసి, చెయ్యి కడుక్కుని, చూరులో విరిగిన పెంకులు చూసి తలపంకించి లేచారు.

బస్టాండు దాకా సాగనంపడానికి వెళ్లిన బుల్లిబాబుకు దారి పొడుగునా సిగ్గుతో తల వాలిపోయింది. నమ్మి ఇంటికొచ్చిన పెద్దమనిషి నోటికి, రెండు గదుల క్వార్టరు కోసం గుడ్డు తగిలించాడు. ఇల్లు వస్తే వచ్చింది, పోతే పోయింది, చెప్పేద్దామనుకున్నాడు. ఎదురుగా బస్సు వస్తోంది.

"అయ్యా, ఒక్కమాట. ఆ పఫ్‌లు..."

యజ్ఞనారాయణగారు చెయ్యెత్తి ఆపేశారు.

"సోమవారం వచ్చి తాళంచెవులు తీసుకో. క్వార్టర్లో పాలు పొంగించే రోజు నన్ను పిలవడం మరిచిపోకు."

బస్సు ఆగింది. ఆయన మెట్టు మీద కాలు పెట్టి, అటూ ఇటూ చూసి, అతని చెవి దగ్గరికి వంగారు.

"ఈసారి రాజయ్యతో చెప్పి గుడ్డు లోపల కూడా పెట్టించు."