మీ వైపు ఎవరికైనా ఉందా?

ఆసుపత్రి మందుల కిటికీ దగ్గర నిలబడ్డ టైలరును ఎవరో చొక్కా పట్టుకుని వెనక్కి లాగారు.

ఒక పెద్దావిడ. నెరిసిన జుట్టు, వెలిసిన బట్టలు. ఎన్నడూ చూసిన మొహం కాదు.

"బాబూ, నీ భార్యది కాన్పుతో పోయే షుగరు కాదేమో. ఇంకో రక్తపరీక్ష ఉంది, రాయమని డాక్టరమ్మనడుగు."

"నువ్వూ డాక్టరువేనా?"

"జబ్బుదాన్ని. ఒంటికి కాపలా కాసే కణాలే తిరగబడి, ఇన్సులిన్ తయారయ్యే చోటును తినేస్తాయి. నాకూ కడుపుతో ఉన్నప్పుడే బయటపడింది."

"నీకొస్తే ఊరందరికీ రావాలా?"

ఆమె ఏదో అనబోయి, అతని వెనక్కి చూసి ఆగిపోయింది. అత్తగారు వస్తోంది.

"దారినపోయేవాళ్లతో ఏం కబుర్లు అల్లుడూ? డాక్టరమ్మ పిలుస్తోంది, పద!"

లోపల డాక్టరమ్మ అత్తగారినే అడిగింది. "మీకు గానీ, మీ వైపు వాళ్లకు గానీ చిన్న వయసులోనే ఇన్సులిన్ అవసరమైందా?"

"మా వంశంలో షుగరన్న మాటే లేదు. నన్ను చూడండి, గుండ్రాయిలా ఉన్నాను."

డాక్టరమ్మ తలూపింది. తిండి తగ్గించమంది, నడవమంది, పై వారం రమ్మంది.

గేటు దగ్గర ఆ పెద్దావిడ మళ్లీ ఎదురైంది. "బాబూ, ఆ పరీక్ష..."

"పోతావా, వాచ్‌మన్‌ని పిలవనా?"

తలొంచుకుని పోయింది.

వారం తిరక్కుండానే భార్యకు వాంతులు, ఆయాసం పట్టుకున్నాయి.

"కడుపుతో ఉన్నాక ఆ మాత్రం ఉండదూ?" అంది అత్తగారు. టైలరూ సరేనని మిషను తొక్కుతూ కూర్చున్నాడు.

ఆసుపత్రికి చేర్చేసరికి భార్యకు స్పృహ లేదు. కడుపులో బిడ్డ గుండె ఆగిపోయింది.

భార్య బతికింది. "ఆమె ఒంటి కాపలాయే ఆమె మీద పడింది. ఇక బతికినంతకాలం ఇన్సులినే," అంది డాక్టరమ్మ. "మీ వైపు ఎవరికైనా ఉందని తెలిసుంటే, ఆ రోజే ఇంకో రక్తపరీక్ష చేయించేదాన్ని."

ఏనాడూ కొలత తప్పని టైలరు కుట్టిన చొక్కా బిడ్డకు వదులైంది.

పూడ్చి వచ్చాక వార్డు బయట బల్ల మీద కూలబడ్డాడు.

"ఎవరో పరాయి మనిషికి పట్టింది, మనకు పట్టలేదత్తా. కుక్కను తరిమినట్టు తరిమాను. ఎక్కడున్నా వెతికి కాళ్ల మీద పడతాను."

"దొరకదు. ఆ రోజే నేను వెనకాలే వెళ్లి, ఊరొదిలి పొమ్మన్నాను."

"నువ్వా? ఎందుకు?"

అత్తగారు వార్డు తలుపు వైపు చూసింది. కూతురు మెలకువగా లేదని రూఢి చేసుకుని, గొంతు తగ్గించింది.

"నీ భార్యను కన్నది ఆవిడే, బాబూ."