రెండేళ్ల ఎడం

“డాక్టరమ్మ ముందర అట్లాంటి మాట అడగనీకి సిగ్గు లేదా నీకు? ఈ వయసులో ఇదేం పోయేకాలం!”

అనంతపురం ఆస్పత్రి మెట్లు దిగుతూనే సునంద మొగుడి మీద విరుచుకుపడింది. లక్ష్మీపతికి గుండె ఆపరేషన్ అయి రెండేళ్లు నిండాయని చూపించుకోడానికి వచ్చారు ఇద్దరూ. అంతా బాగుందని డాక్టరమ్మ చెప్పాక, కుర్చీలోంచి లేవబోతూ ఆగి, తల వంచుకుని అడిగేశాడు.

“మేడం, నేను మా ఆడమనిషి పక్కన పండుకోవచ్చునా?”

ఆమె నవ్వలేదు. “మూడో నెల నుంచే ఏ ఇబ్బందీ లేదు పెద్దాయనా. ఆ మాట అప్పుడే మీ ఆవిడకు చెప్పానే!” అంది.

అడిగినప్పుడు వేయని సిగ్గు ఆ జవాబు విన్నాక వేసింది లక్ష్మీపతికి.

ధర్మవరం బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. రాప్తాడు దాటింది. వాన లేక మాడిపోయిన చెనిక్కాయ చేలు కిటికీలోంచి వెనక్కి పోతున్నాయి. బస్సు కుదిపినప్పుడల్లా భుజం తగలకుండా ఆమె సర్దుకుని కూర్చోవడం అతను చూస్తూనే ఉన్నాడు. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన కొన్నాళ్లకు, “నీ గుండెకు మంచిది కాదంట, డాక్టరమ్మ వద్దనింది” అని అతని మంచం వసారాలో వేసింది. అతను నమ్మాడు. నమ్మకం సడలిన రోజుల్లో కూడా నోరు తెరిచి అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం.

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. లక్ష్మీపతి చెప్పులు విడిచి, నేరుగా వసారాలో మంచం ఎత్తి లోపలికి తేబోయాడు.

“ఆడే పెట్టు దాన్ని. బరువులెత్తొద్దనింది నిన్ను.”

“డాక్టరమ్మ అనిందా, నువ్వంటాండావా?”



అతను మంచం దించి, చొక్కా గుండీలు విప్పాడు. ఎదురొమ్ము మీద నిలువునా కోత మచ్చ. “నిజం చెప్పు. ఇది చూస్తే నీకు రోతగా ఉండాదా? రోతయితే రోతని చెప్పు, నేనేమీ అనుకోను. అబద్ధం చెప్పి రెండేండ్లు నన్ను బయట పండబెట్టాల్సిన పని లేదు.”

“రోతేందయ్యా! అట్లంటే నా కండ్లు పోతాయి” అంటూ ఆమె గోడకు చేరగిలబడి ఏడ్చేసింది.

అతని కోపం జారిపోయింది. ఇంత చిన్న మాట అడగడానికి రెండేళ్లు పట్టిందా అని తన మీద తనకే చిరాకేసింది. ఎన్ని పొద్దులు, ఎన్ని మాపులు! ఒకే ఇంట్లో గోడకు అటొకరు ఇటొకరుగా పోగొట్టుకున్నారు. వెళ్లి పక్కన కూర్చున్నాడు. ఆమె చెయ్యి తీసుకున్నాడు. ఏళ్ల తరబడి పట్టు దారం చుట్టి గరుకెక్కిన వేళ్లు అవి.

“ఇంక చాల్లే” అంటూ భుజం చుట్టూ చెయ్యి వేశాడు.

“వద్దయ్యా...”

వెంటనే చెయ్యి తీసేశాడు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత తనే, నడిచి నడిచి అలిసిన మనిషిలా, అతని మీదికి వాలిపోయింది. లక్ష్మీపతి కళ్లు మూసుకుని దగ్గరకు తీసుకున్నాడు. ఆమె తల నూనె వాసన తెలిసి ఎంత కాలమైందో!

ఆమె చంక కింద, రొమ్ము పక్కన అతని వేళ్లు ఆగిపోయాయి. చీర మడత అనుకున్నాడు. కాదు. నిమ్మకాయంత ఉంది. గట్టిగా, నొక్కినా కదలకుండా.

“ఇదేందే?”

సునంద తల ఎత్తలేదు.

“నువ్వు ఆస్పత్రి నుంచి వచ్చిన నెలకు కనపడింది. అప్పుడు కందిగింజంతే ఉండె. తెలిస్తే నీ గుండె తట్టుకోదని... నీ చేతికి తగలకూడదనే నిన్ను దూరం పెడితి.”